మోటారు కాలిన మిషను

జూన్ 2, సోమవారం

పాట అయిపోయింది. మధ్యాహ్నం షాపులో గిరాకీ లేని వేళ, కళ్ళద్దాల ఆర్డరు పుస్తకం వెనక పేజీలో రాశాను. ఇరవై నిమిషాల్లో వచ్చేసింది. దీనికి ముందు రెండు పాటలతో రెండేసి నెలలు తన్నుకున్నాను. రెండింటినీ టీచరు కొట్టిపారేసింది. "ఇది పాట కాదే, ఉపన్యాసం. మైకు పక్కన మంచినీళ్ళ గ్లాసు ఒక్కటే తక్కువ" అంది. మా ముగ్గురిలో గిటారు వాయిస్తూ పాడేది తనే. బడిలో లెక్కలు చెప్పేదీ తనే కాబట్టి తప్పు ఏ లైన్లో ఉందో ఎర్ర పెన్నుతో గీసి మరీ చూపిస్తుంది.

ఇవాళ పెన్ను తీయలేదు. సాయంత్రం టైర్ల షాపు మీది గదిలో చదివి వినిపిస్తే గిటారు ఒళ్ళోంచి తీసి గోడకు ఆనించింది. పిడుగు డ్రమ్ముల వెనక నుంచి లేచి వచ్చి కాగితం లాక్కుని మళ్ళీ చదువుకుంది. పిడుగు లేచిందంటే మాటలు కాదు. పగలంతా కింద టైర్లు విప్పి బిగించే మనిషి, ఒకసారి కూర్చుంటే మళ్ళీ కదలదు.

తాళం నీది, బీరువా నీది,
బీరువాలో నా చదువూ నీదేనట.
మోటారు కాలిన మిషను కింద
మూడు కాగితాలై దాక్కున్నా.
ఒకటో తారీకు రానీ,
నా పేరు నేనే పిలుచుకుంటా.

"ఎవరిదే ఇది?" అంది టీచరు.

"మా వదినది."

"అడిగావా?"

మా గది గోడ మీద మార్కరుతో మూడు మాటలు రాసి ఉంటాయి. అడక్కుండా ఎవరి కథా పాడం. పేరు మారుస్తాం, వస్తువు మార్చం. ముందు వరుసలు ఆడవాళ్ళవి. ఆ రెండో మాట టీచరు పట్టుదల. ప్రతి పాటలోనూ ఒక వస్తువు జరిగింది జరిగినట్టు ఉండాలంటుంది. వస్తువు అబద్ధమైతే వినేవాళ్ళకు పాటంతా అబద్ధంగానే వినిపిస్తుందట. తన హెడ్‌మాస్టరు మీద కట్టిన పాటలో స్టీలు స్కేలు ఉంది, పిడుగు పాటలో పసుపు హెల్మెట్ ఉంది. అవి నిజంగా ఉన్నవే. మొదటి మాట మాత్రం ముగ్గురం కలిసి రాసుకున్నాం. గయ్యాళులు అని బృందానికి పేరు పెట్టుకున్న రోజే రాశాం.

"అడిగాను. సరేనంది" అన్నాను.

పిడుగు నా వైపు చూసింది. "మరి ఈ మిషను సంగతి బయటపడితే ఆవిడకి ఇబ్బంది కాదా?"

"అదీ అడిగాను. మీ అన్నయ్య మీ పాటలు వినడులే, ఫర్లేదు అంది."

వదిన గొంతుతో సహా వచ్చేసింది అబద్ధం. రాసేటప్పుడు కూడా ఇంత తేలిగ్గా రాలేదు.

జూన్ 3

ఆదివారం వెళ్ళినప్పుడు అడుగుతాను. అప్పుడు నిన్నటి మాట నిజమైపోతుంది. ఒక వారం ముందు పలికానంతే.

జూన్ 8, ఆదివారం

అడగలేదు.

అన్నయ్య ముందు గదిలో పేపరు చదువుతున్నాడు. వదిన వంటింట్లో కుళాయి విప్పి పెట్టి, నీళ్ళ చప్పుడు చాటున ఇంతకుముందు చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఒకటో తారీకున చేరాలి. ఊరు మారాలి. పెద్దాసుపత్రి ల్యాబు, వెనకే క్వార్టర్స్, పక్క వీధిలో బడి. పెళ్ళికి ముందు నుంచీ చేసిన పనే. రక్తం తీయడం, స్లైడు చూడడం ఇంకా చేతుల్లో ఉన్నాయంటుంది. కూతురు బుడ్డి పుట్టినప్పుడు అన్నయ్య మానిపించాడు. నీకెందుకే శ్రమ అని డిప్లమా, మార్కుల లిస్టు, పాత ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్టు తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఎప్పుడడిగినా ఆ తాళంచెవి కనిపించదు. పోయిన నెల అన్నయ్య స్నానానికి వెళ్తూ దాన్ని బల్ల మీద మరిచిపోతే, వదిన ఆ మూడూ తీసి మిషను కింది చెక్కపెట్టెలో పెట్టింది. రెండేళ్ళ కింద మోటారు కాలిపోయిన కుట్టు మిషను అది. నీలం దుప్పటి కప్పుకుని మూల పడి ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు.

తెలిసింది ఇద్దరికే. నాకు, బుడ్డికి. పెడుతున్నప్పుడు బుడ్డి చూసేసింది. "ఆరేళ్ళ పిల్ల. దాని నోట్లో నువ్వుగింజ నానదు. అదే నా భయం" అంది వదిన.

"వదినా, నేనొక పాట..." అని మొదలుపెట్టాను.

"పాటలు తర్వాత వింటానే. ముందిది చెప్పు. దాని టీసీ ముందే అడిగితే బడివాళ్ళు మీ అన్నయ్యకు ఫోన్ చేస్తారా?"

మాట మార్చింది తనే. బయటికి వచ్చాక గుండె తేలికపడింది, ఆ సంగతి కూడా రాసుకోవాలి. కాదంటుందని నాకు తెలుసు. తెలిసే అడగలేదు.

గేటు దాకా బుడ్డి వచ్చింది. "అత్తా, నాకొక రహస్యం తెలుసు. కానీ చెప్పను" అంది. "చెప్పకు" అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోతే ఆదివారాలు నేనెక్కడికి వెళ్ళాలి?

జూన్ 14, శనివారం

రికార్డు చేసేశాం. కింద టైర్ల షాపు మూసే దాకా ఆగి, తలుపులకు పరుపులు ఆనించి, మూడోసారికి కుదిరింది. మాకు కంపెనీ లేదు, మేనేజరు లేడు. పిడుగు వాళ్ళ పిన్ని ఇచ్చిన లాప్‌టాపే మా స్టూడియో. "మోటారు కాలిన" దగ్గర డ్రమ్ములు ఆగిపోయి నా బేస్ ఒక్కటే వినిపిస్తుంది. ఆ ముక్క నాదే. ఎనిమిదిసార్లు విన్నాను.

జూన్ 17

పాట నెట్‌లో పెట్టాం. నలుగురు వింటే చాలనుకున్నాం, ఊరంతా ఎగిరింది.

జూన్ 21, శనివారం

లైబ్రరీ కింది హాల్లో ప్రోగ్రాం. పట్టపగలు మూడింటికి. ఎప్పటిలాగే యాంప్లిఫైయరు అన్నయ్య కారులో తెచ్చి దింపాడు. నా మొదటి బేస్ కూడా అన్నయ్య కొనిచ్చిందే. అమ్మానాన్న పోయాక నన్ను చదివించినవాడు, నేను గిటారంటే తన బండి అమ్మేసినవాడు. ఈ సంగతి మా పాటల్లో ఎక్కడా ఉండదు.

దింపేసి ఏనాడూ నిలబడడు, "మీ గోల మీరు పడండి" అని వెళ్ళిపోతాడు. ఇవాళ ఉన్నాడు. రూలు ప్రకారం వెనక గోడ దగ్గర నిలబడ్డాడు, చేతిలో యాంప్లిఫైయరు కవరు మడత పెట్టుకుని.

నాలుగో పాట అదే. మార్చమని టీచరు చెవిలో చెప్పొచ్చు. తీగ తెగిందనొచ్చు. వేళ్ళు వాటంతటవే మొదలుపెట్టాయి. ముందు నాలుగు వరుసల ఆడపిల్లలూ "మిషను కింద, మిషను కింద" అని పాడుతూ ఎగిరారు. నేను వెనక్కి చూడలేదు.

అయ్యాక ఆఫీసు బ్యాగుతో ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాది అటక మీద, పాత సూట్‌కేసులో" అంది. నేను పెద్ద మనిషిలా తల ఊపాను.

అన్నయ్య యాంప్లిఫైయరు తిరిగి కారెక్కించాడు. దిగేటప్పుడు "బాగుంది" అన్నాడు.

జూన్ 22

బాగుందన్నాడంటే పాట బాగుందనే. అనుమానం వస్తే అడిగేవాడు. అన్నయ్యకు మనసులో పెట్టుకునే అలవాటు లేదు. పాటలో మాటలు ఆ గోలలో ఎవరికి అర్థమవుతాయి, నాకే సరిగ్గా వినిపించవు.

జూన్ 24, మంగళవారం

షాపులో ఒక ముసలాయన కళ్ళు పరీక్ష చేస్తున్నాను. అక్షరాల బోర్డులో మూడో వరుస చదువుతున్నాడు. వదిన ఫోన్. వెనక కుళాయి చప్పుడు.

"కాగితాలు లేవు."

"సరిగ్గా చూశావా?"

"పెట్టె ఖాళీ. దుప్పటి మడతపెట్టి మిషను మీదే ఉంది. నేనెప్పుడూ అలా మడతపెట్టను."

"అన్నయ్య ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పొద్దున టిఫిను తిని, వస్తానని చెప్పి వెళ్ళాడు." కుళాయి ఇంకా పెద్దగా తిప్పింది. "నీకూ నాకూ కాక తెలిసింది ఒక్కదానికే. బుడ్డి చెప్పేసింది."

ముసలాయన నాలుగో వరుస చదవనా అని అడిగాడు. చదవమన్నాను. వదినకు ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. ఆ అక్షరాలు మాత్రం అన్నీ సరిగ్గా చదివాడు.

జూన్ 25

బుడ్డి కాదు అనాలి. రెండే మాటలు.

జూన్ 26, గురువారం

అనడానికే వెళ్ళాను. బడి నుంచి వచ్చిన బుడ్డి గుమ్మంలో చెప్పులు విప్పి, ఎవరూ చెప్పకుండానే గోడ వైపు తిరిగి కూర్చుంది. నన్ను చూసి కూడా లేవలేదు.

"ఒప్పుకుంది" అంది వదిన. "మొదటి రోజంతా చెప్పలేదు చెప్పలేదు అంది. నేను మాట్లాడడం మానేశాను. రాత్రికి వచ్చి నేనే చెప్పానమ్మా అని ఏడ్చింది. కొట్టలేదు. కానీ దాని మొహం చూడబుద్ధి కావడం లేదే. ఆరేళ్ళ పిల్ల మీద ఇంత కోపం పెట్టుకోవచ్చా? పెట్టుకుంటున్నాను."

ల్యాబు సూపరింటెండెంటుకు ఫోన్ చేసిందట. ఒరిజినల్స్ లేకుండా చేర్చుకోవడం కుదరదు, ఒకటో తారీకు దాటితే లిస్టులో తర్వాతి పేరును పిలుస్తాం అన్నాడట. మర్యాదగానే చెప్పాడట.

నేను ఒక గ్లాసు మంచినీళ్ళు తాగాను. రెండో గ్లాసు కూడా తాగాను. బుడ్డి పక్కన కూర్చుని జడ అల్లాను. ఎప్పుడూ గెంతే పిల్ల, కదలకుండా అల్లించుకుంది. బస్సు వేళయిందని వచ్చేశాను.

ఊళ్ళో ఆడవాళ్ళందరి తరఫునా అరవడానికి నాకు నోరుంది. ఆ వంటింట్లో రాలేదు.

జూన్ 27, శుక్రవారం

అన్నయ్య షాపుకు వచ్చాడు. కళ్ళజోడు జారిపోతోందట. కుర్చీలో కూర్చోబెట్టి, కాడలు వేడి చేసి వంచాను. దగ్గరగా చూస్తే కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

"నువ్వు చెప్పడం మంచిదైంది చిట్టీ" అన్నాడు.

"నేనేం చెప్పాను?"

"నేరుగా చెప్తే మీ వదిన దగ్గర మాట పోతుంది. చెప్పకపోతే అన్న కొంప కూలుతుంది. అందుకని పాటలో పెట్టావు. ఆఫీసులో ఎవరో పెడితే మొదట విన్నాను. మోటారు కాలిన మిషను ఎంతమంది ఇళ్ళలో ఉంటుంది? అయినా నమ్మబుద్ధి కాలేదు, మీరు పాడుతుంటే విందామని వచ్చాను. నా చెల్లెలు నాకోసమే రాసింది అనుకున్నా."

"నీకోసం కాదన్నయ్యా."

"తెలుసులే. నువ్వలాగే అనాలి."

స్క్రూడ్రైవరు జారి బల్ల కింద పడింది. వంగి వెతుక్కుంటూ అడిగాను. "కాగితాలేం చేశావు?"

"ఆఫీసు డ్రాయర్లో ఉన్నాయి. చింపెయ్యడానికి నేనేమన్నా రాక్షసుణ్ణా?"

"వదినకిచ్చెయ్యి."

"ఇస్తే బుడ్డిని తీసుకుని పోతుంది. నాకెవరున్నారు? ఆదివారం వస్తే నువ్వు మాత్రం ఎవరింటికి వస్తావు?"

నా వాక్యం అది. ఈ పుస్తకంలో ఉంది. వేరేవాళ్ళ నోట విన్నాక తెలిసింది, అది ఎంత పెద్ద వాక్యమో. రాసేటప్పుడు ఒకటో తారీకు అని పెట్టాల్సిన అవసరం లేదు. ఏదో ఒక రోజు అంటే సరిపోయేది. నిజం కోసమే పెట్టానని టీచరుతో అన్నాను. నాతోనూ అన్నాను. ఇప్పుడు నాకు తెలియదు. ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను.

"బుడ్డి చెప్పిందనుకుంటోంది వదిన" అన్నాను.

"అనుకోనీ. చిన్నపిల్ల, నాలుగు రోజుల్లో మరిచిపోతుంది. నీ పేరు మాత్రం నేను బయటికి రానివ్వను."

కళ్ళజోడు తుడిచి ఇచ్చాను. పెట్టుకుని తల అటూ ఇటూ ఆడించి, జారడం లేదని చెప్పి వెళ్ళాడు.

జూన్ 28, శనివారం

టైర్ల షాపు మీది గదిలో చెప్పేశాను. అంతా చెప్పాను, ఆదివారాల సంగతి తప్ప. అది వీళ్ళకు కూడా చెప్పలేకపోయాను.

టీచరు గోడ మీది మాటల వైపు చూసింది. "మొన్న హాల్లో ఆ లైను అంతమంది చేత అరిపించాను. ఒక మనిషి దాచుకున్న చోటును. వస్తువు మార్చొద్దని రూలు పెట్టింది నేనే కదా, నా పాలూ ఉంది ఇందులో" అంది.

ఒక్క క్షణం హాయిగా అనిపించింది. పిడుగు ఆ హాయి ఉండనివ్వలేదు.

"పాపం పంచుకోకు టీచరూ. దానిది దాని దగ్గరే ఉండనీ." నా వైపు తిరిగింది. "మిషను సంగతి నిన్ను నేను అడిగాను. ఈ కుర్చీలోనే కూర్చుని అడిగాను."

"అడిగావు."

"ఆరేళ్ళ పిల్ల నీ బదులు గోడకు తిరిగి కూర్చుంటే జడేసి వచ్చావా?"

టీచరు లేచి లైటు వేసింది. పాట ఉంచాలో తీసెయ్యాలో మీ వదిన చెప్పాలి, ఇప్పటికైనా వెళ్ళి అడుగు అంది. ఇవాళ వాయించలేదు. పిడుగు డ్రమ్ములకు గుడ్డ కప్పేసింది.

జూన్ 29

ఆదివారం అన్నయ్య ఇంట్లో ఉంటాడు. అందుకని వెళ్ళలేదు. అందుకనే.

జూన్ 30

సెలవు చీటీ రాసి ఇచ్చాను. రేపటికి.

జూలై 1, మంగళవారం

ఒకటో తారీకు. వదిన ఈ పాటికి వేరే ఊళ్ళో తెల్లకోటు వేసుకుని ఉండాలి. నేను వెళ్ళేసరికి ఇంట్లో బుడ్డి యూనిఫాంకి ఇస్త్రీ చేస్తోంది.

నిలబడే చెప్పాను. పాట రాశానని, అడగకుండా అడిగానన్నానని, అన్నయ్య విన్నాడని, కాగితాలు ఆయన ఆఫీసు డ్రాయర్లో ఉన్నాయని, బుడ్డి ఏమీ చెప్పలేదని. వదిన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, తీగ పీకి, కూర్చుంది.

"వినిపించు."

ఫోన్‌లో పెట్టాను. మూడు నిమిషాల పాట. ల్యాబులో స్లైడు చూసేటప్పుడు ఇలాగే చూసేదేమో, కనురెప్ప వెయ్యకుండా వింది. నా బేస్ ముక్క వచ్చినప్పుడు నాకు పారిపోవాలనిపించింది.

"తారీకు కూడా పెట్టావే" అంది.

"పెట్టాను."

"నేను పోకూడదనా?"

"తెలియదు వదినా."

ఇన్నాళ్ళలో వదినకు నేను చెప్పిన నిజం ఇదొక్కటే అనిపించింది. తను దాన్ని మెచ్చుకోలేదు. బల్ల మీదున్న ఒక ఫారం నా వైపు జరిపింది. డూప్లికేట్ సర్టిఫికెట్ల దరఖాస్తు. మూడు నెలలు పడుతుందట. "కాగితాలు పోయాయని సంతకం చెయ్యాలి. ఆయన డ్రాయర్లో ఉన్నాయని తెలిసి, పోయాయని రాయాలి. ఇక దాక్కుని చేసేదేమీ లేదు, ఆయన ముందే బల్ల మీద పెట్టి రాస్తాను. ఆ ఉద్యోగం ఎవరికో వెళ్ళిపోయింది. ఇంకోటి చూసుకుంటా."

"పాట తీసేస్తాం."

"ఎందుకు? తీసేస్తే నా కాగితాలు వస్తాయా? ఎవరికైనా పనికొస్తే పనికిరానీ. మీ టీచర్ని పాడుకోమను. నువ్వు మాత్రం వాయించకు."

సరేనన్నాను.

"నన్ను క్షమించమని అడగకు, ఇప్పుడు నాకు ఓపిక లేదు" అంది. "అది నాలుగింటికి వస్తుంది. దానికి నువ్వే చెప్పాలి. నా ముందర చెప్పాలి. దాన్ని వారం రోజులు దొంగలా చూశాను. అది నేను చేసిందే, దాని సంగతి నేను తర్వాత చూసుకుంటా."

నాలుగయింది. బుడ్డి వచ్చింది, చెప్పులు విప్పింది, గోడ వైపు నడిచింది. వదిన లేచి ఎత్తుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల బిగుసుకుపోయింది. ఇదేం కొత్త శిక్షో అన్నట్టు నా వైపు చూసింది.

నేను నేల మీద కూర్చున్నాను. "బుడ్డీ, అమ్మ కాగితాల సంగతి నాన్నకు చెప్పింది నువ్వు కాదు. నేను. పాటలో చెప్పేశాను. నువ్వు రహస్యం దాచావు. అత్తే దాచలేదు."

ఆలోచించింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, నవ్వినా నవ్వొచ్చనుకున్నాను.

"నేను కూడా చెప్పానత్తా" అంది.

"లేదమ్మా. నువ్వు చెప్పలేదు. అమ్మ మాట్లాడడం లేదని అలా అన్నావంతే."

"కాదు, చెప్పాను. నాకు గుర్తుంది." వదిన చెయ్యి పిల్ల వీపు మీద ఆగిపోయింది. బుడ్డి తల్లి వైపు తిరిగి, ఆమె మళ్ళీ కోప్పడకుండా జాగ్రత్తగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నాన్న మంచం మీద కూర్చుని సాక్సులు విప్పుతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి, మిషను కింద ఉన్నాయి నాన్నా అన్నాను. నాన్న సరే అన్నాడు."

అలాంటిదేమీ జరగలేదని నేనన్నాను. వదినా అంది. ఇద్దరం మార్చి మార్చి చెప్పాం. మాకు తెలియకపోవడం చూసి దానికే జాలేసినట్టుంది, సాక్సులు ఏ రంగువో కూడా చెప్పింది.